రిమార్కుల గడిలో చుంచు

మా పెద్దమ్మకు చుంచమ్మ అని పేరు పెట్టింది విత్తనాల గోదాం గుమాస్తా. పెట్టేటప్పుడు అది తిట్టు. ఆవిడ పొట్టి మనిషి, ముక్కు పొడుగు, నడకకీ పరుగుకీ మధ్య తేడా పెట్టేది కాదు. ఒక్కసారిగా కూర్చుని తినడం ఎరగదు. కొంగులో కట్టుకున్న చిన్న డబ్బా తెరిచి రోజుకు ఆరుసార్లు రెండేసి ముద్దలు తినేది. కోపం ముక్కుమీద ఉంటుందని అంటారు కదా, మా పెద్దమ్మకు అక్కడ చోటు కాస్త ఎక్కువే.

ఆ పేరు మొదటిసారి చెవిన పడ్డ రోజున గోదాం గుమ్మంలో ఆగి, "ఏ చుంచు? ఇళ్లల్లో దూరే కంపు చుంచా, కొండ చుంచా?" అని అడిగింది. రెండో రకం ఒకటుందని గుమాస్తాకు అప్పుడే తెలిసింది. "తెలుసుకుని తిట్టవయ్యా, అప్పుడు పడతాను," అనేసి తన దారిన తను పోయింది. ఆ తర్వాత ఆఫీసంతా అదే పేరుతో పిలిచింది, ఆవిడా పలికింది.

నేను ఆవిడ చెల్లెలి కూతుర్ని. అదే ఆఫీసులో టైపిస్టును. ఇందులో జరిగిన తప్పు నాది. ముందే చెప్పేస్తున్నాను, ఎవరో తెలివిగా కనిపెట్టినట్టు మురిసిపోకుండా.

మాది మొక్కలు పెంచే కేంద్రం. కొండ నడుము మీద రేకుల కప్పు కింద నాలుగు గదులు. ముందు గదిలో ఆఫీసరు, పక్క గదిలో నేనూ నా టైపు మిషనూ, వెనక విత్తనాల గోదాం, దాని వెనక మేమిద్దరం ఉండే క్వార్టర్సు. పెద్దమ్మ పని మాత్రం అక్కడ కాదు. పొద్దున ఏడింటికి బయల్దేరి గంటసేపు ఎక్కితే, పైన ఎప్పుడూ మంచు కమ్ముకుని ఉండే తడి వాలు ఒకటుంది. అక్కడ వాన కొలిచే గొట్టం, దాని చుట్టూ అంచులదాకా భూమిలో పాతిన పన్నెండు డబ్బాలు ఉంటాయి. వాన ఎంత పడింది, ఆ వానకు మట్టి ఎంత కొట్టుకొచ్చింది, రెండూ రోజూ ఎనిమిదిన్నరకు చూసి రిజిస్టరులో రాయాలి. ఇరవై ఆరేళ్లు రాసింది. జ్వరం వచ్చినా రాసింది. మా పెదనాన్న పోయిన రోజున కూడా ఎక్కి, రాసి, దిగి వచ్చి అప్పుడు ఏడ్చింది.

రిజిస్టరులో తేదీకొక గడి, వానకొకటి, మట్టికొకటి. చివర రెండు వేళ్ల వెడల్పున రిమార్కుల గడి ఉండేది. అందులో ఏం రాయాలో ఎవరూ చెప్పలేదు. ఆవిడకు ముందున్నాయన ఉద్యోగం చేసినన్నాళ్లూ "లేవు" అని రాశాడు. చేరిన మొదటి నెల పెద్దమ్మా అదే రాసింది. రెండో నెలలో ఒక పొద్దున ఏడో డబ్బా నీళ్లలో బొటనవేలంత జంతువు తేలుతూ కనిపించింది. ఒళ్లంతా నల్లటి మెత్తటి బొచ్చు, కళ్లు ఆవగింజలంత, ముక్కు మాత్రం మొహాన్ని దాటి ముందుకొచ్చింది. అరచేతిలో పెట్టుకుంటే బరువే తెలియలేదట. ఆ రోజు రిమార్కుల గడిలో ఇలా రాసింది: "ఏడో డబ్బాలో చుంచు. చచ్చిపోయింది. తప్పు డబ్బాది."

మర్నాడు పన్నెండు డబ్బాల్లోనూ ఒక్కో పుల్ల నిలబెట్టింది, పడినవి ఎక్కి పోవడానికి. పుల్లలుంటే మట్టి లెక్క తప్పుతుందని అప్పటి ఆఫీసరు అభ్యంతరం చెప్పాడు. పుల్ల బరువు తీసేసి రాస్తానని ఆవిడ అంది, అలాగే రాసింది. ఆ రోజు నుంచి ఒట్టి "లేవు" అన్న మాట ఆ రిజిస్టరులో మళ్లీ కనిపించదు.

ఇరవై ఆరేళ్ల రిజిస్టర్లు నేను చదివాను. చదవాల్సిన రోజు వచ్చాక చదివాను, అది వేరే సిగ్గు. కొండ చుంచు గురించి నాకు తెలిసిందంతా ఆ రెండు వేళ్ల గడిలోదే. అది సెలయేటి పక్క నాచు పట్టిన రాళ్ల కింద, కుళ్లిన దుంగల కింద, జానెడు మందాన పేరుకున్న ఆకుల్లో ఉంటుంది. వేలు పట్టేంత దారులు చేసుకుని వాటిల్లోనే తిరుగుతుంది. వాలు మొదట్లో ఉన్న తెల్లబండ దాటి కిందికి రాదు. బండకి ఇవతల ఎండ తగులుతుంది, నేల ఆరుతుంది, అక్కడ ఒక్కటంటే ఒక్కటి ఆవిడకు కనపడలేదు. పక్క కొండలమీద వాన కొలిచేవాళ్లని కూడా కనుక్కుంది, వాళ్లెవరూ చూడలేదన్నారు. మొత్తం ఇరవై ఆరేళ్లలో రెండువందల పదకొండుసార్లు చూసింది. ఏడాదికి ఎన్నిసార్లో మీరే వేసుకోండి, దాన్ని అరుదు అనాలో లేదో తేలుతుంది.

రెండు గంటలకోసారి తినకపోతే బతకదు. అందుకని రాత్రీ పగలూ పరుగే. పురుగులు, వానపాములు, జెర్రులు తింటుంది. గింజ ముట్టదు. పెద్దమ్మ గింజలు చల్లి చూసింది, మూడేళ్లు చూసింది, ఎప్పుడూ "గింజలు అలాగే ఉన్నాయి" అనే రాసింది. రాయి కింద ఎండుగడ్డి ఉండ చుట్టుకుని అందులో మూడో నాలుగో పిల్లల్ని కంటుంది. మూడు వారాలకు పిల్లలు బయటికొస్తాయి. తల్లి తోక మొదట్లో ఒకటి పళ్లతో పట్టుకుంటుంది, దాని తోక ఇంకొకటి, దానిది ఇంకొకటి. అలా వరసగా పోతుంటే తాడు ముక్క పాకుతున్నట్టే ఉంటుందని రాసింది. ఏడాదీ రెండు మూడు నెలలు, అంతే ఆయుష్షు. ఒంటిమీద ఏదో గుర్తున్నవాటిని వరసగా చూసి అలా తేల్చింది. అప్పట్లో ఎడమ చెవి చిరిగిన చుంచు ఒకటి ఉండేది. దాన్ని పదకొండు నెలలుగా చూస్తోంది. "చెవి చిరిగింది కనపడింది" అని రాసిన రోజు ఆవిడ ఇంటికొచ్చే తీరే వేరు.

ఇంత తెలిసిన మనిషి ఇంట్లో ఉండగా నేను చేసిన పని వినండి.

ఆ ఏడు గోదాంలో ఎలుకలు పడ్డాయి. సంచులు కొరికాయి, విత్తనాలు తిన్నాయి. పెద్దాఫీసుకు రాస్తే, మీ పరిధిలో ఉన్న ఎలుక జాతుల జాబితా పంపండి, మందు పంపుతాం అని జవాబు వచ్చింది. జాబితా టైపు చేసి తెమ్మని ఆఫీసరు నాకు చెప్పి కాఫీ తాగుతూ కూర్చున్నాడు. నేను ఆలోచించనైనా లేదు, వేళ్లు వాటంతటవే కొట్టేశాయి: పందికొక్కు, ఇంటెలుక, చిట్టెలుక, చుంచెలుక. అందరూ అనే మాటే కదా! పేరు చివర ఎలుక ఉంది, జాబితా ఎలుకలది. ఏ రకం ఎక్కడుందో కూడా రాయాలన్నప్పుడు, చుంచెలుక సంగతి మా పెద్దమ్మ రిజిస్టరులో ఉందని గొప్పగా చెప్పింది కూడా నేనే. ఆఫీసరు మొదటిసారి రిమార్కుల గడి తిరగేసి, "తెల్లబండ పైన, సెలయేటి వాలు" అని రాయించాడు.

మూడు వారాలకు మందు వచ్చింది. ఎండు చేపల పొడి, కొవ్వు కలిపి చేసిన ఉండలు. సంచులు కొరికేవాటికి గోదాంలో పెట్టాల్సినవి సరే, వాలు మీద పెట్టడానికి విడిగా అరవై. దారులన్నీ తెలిసింది చుంచమ్మకే కాబట్టి చుంచమ్మే పెట్టాలని ఆర్డరు. శనివారం లోపల పూర్తి కావాలి.

ఆ సాయంత్రం పెద్దమ్మ క్వార్టర్సుకు వచ్చి నా ఎదురుగా కూర్చుంది. డబ్బా తెరవలేదు.

"చుంచుకు ఎలుక తోక ఎవరు తగిలించారే?"

"అందరూ అలాగే అంటారు పెద్దమ్మా."

"అందరూ అంటారు. అన్నదానికి ఎవరూ చావరు. నువ్వు టైపు కొట్టావు."

అనేసి లేచి వెళ్లి పడుకుంది. నాకు కోపం వచ్చింది, ఆవిడ మీదే. తప్పు చేసినవాళ్లకి ముందు వచ్చేది అదే.

పొద్దున్నే ఆవిడ ఆఫీసరు గదిలోకి వెళ్లింది. నా గదికీ దానికీ మధ్య చెక్క తడకే, ప్రతి మాటా వినపడింది. ఆఫీసరు చెడ్డవాడు కాదు. కాగితమంటే హడలు, అంతే. జాబితా పైకి వెళ్లిపోయిందనీ, అందులో ఉన్నదాన్ని ఎలుక కాదనాలంటే నిపుణుడెవరైనా రాసివ్వాలనీ, ఇవ్వకపోతే తన మెడకు చుట్టుకుంటుందనీ చెప్పాడు. ఆవిడ మోసుకొచ్చిన రిజిస్టర్లు బల్లమీద పెట్టింది. అది గింజ ముట్టదని మూడేళ్లు రాశానని చూపించింది. రిమార్కులు లెక్కలోకి రావని ఆయన అన్నాడు, వానా మట్టీ మాత్రమే లెక్కట.

"లెక్కలోకి రాని గడి చూసే కదా సార్, మందు ఎక్కడ పెట్టాలో తేల్చారు?" అంది పెద్దమ్మ. "ఆ గడి నిజమైతే అది గింజ తినదన్నదీ నిజమే. అబద్ధమైతే ఆ వాలుమీద చుంచే లేదు. రెంట్లో ఏదో ఒకటి చెప్పండి, మందు మాత్రం అక్కడ పెట్టక్కర్లేదు."

ఆఫీసరు పైకి రాసి అడుగుతానన్నాడు, జవాబు వచ్చేదాకా ఆర్డరు ఆర్డరేనన్నాడు. గోదాం గుమాస్తా మధ్యలో దూరి ఒక ఉపాయం చెప్పాడు. చుంచును ఒకదాన్ని పట్టి బోనులో గింజలతో రాత్రంతా ఉంచుదాం, తింటే ఎలుక, తినకపోతే కాదు. తినకపోతే తెల్లారేసరికి చచ్చి ఉంటుందని పెద్దమ్మ చెప్పింది. దాని చావుతో తేల్చుకునే నిజం తనకు అక్కర్లేదంది. మందు తను పెట్టనని కుండబద్దలు కొట్టినట్టు చెప్పి, గొట్టం చూసే వేళయిందని కొండెక్కింది. ఏడాదిన్నరలో పదవీ విరమణ ఉన్న మనిషి.

ఆవిడ పెట్టనంటే గుమాస్తా పెడతాడు. శనివారం పొద్దున బుట్టలో అరవై ఉండలు లెక్కపెట్టి, సంతకం చేసి, బయల్దేరాడు. వెనక పెద్దమ్మ బకెట్టు పట్టుకుని నడిచింది. ఆవిడ వెనక నేను, నీళ్ల సీసాతో. ఎందుకు వెళ్లానో నాకే తెలియదు, ఇంట్లో కూర్చోలేకపోయాను.

గుమాస్తా వంగి రాతి పక్కన ఒక ఉండ పెట్టేవాడు. రెండడుగులు వేసేసరికి పెద్దమ్మ వంగి తీసి బకెట్లో వేసుకునేది. టప్ మనేది. మూడోసారి చప్పుడైనప్పుడు వెనక్కి తిరిగాడు.

"చుంచమ్మా, నా పని నన్ను చేసుకోనీ."

"చేసుకో నాయనా. నా పని నేను చేసుకుంటున్నాను."

తిట్టాడు. బతిమాలాడు. దారి మార్చాడు, మంచులో దాక్కుని పెట్టాలని చూశాడు. ఇరవై ఆరేళ్లు తిరిగిన వాలుమీద ఆవిడనుంచి దాక్కోవడం అతని తరమా? మధ్యాహ్నానికి బుట్ట ఖాళీ, బకెట్టు నిండింది. ముగ్గురం ఒకరి వెనక ఒకరం దిగివచ్చాం. పెద్దమ్మ బకెట్టును ఆఫీసరు బల్లమీద పెట్టి లెక్కపెట్టుకోమంది.

యాభైతొమ్మిది ఉన్నాయి.

గుమాస్తా అరవై పెట్టానని ఒట్టు వేశాడు. అతను అబద్ధమాడటం లేదని మొహం చూస్తేనే తెలిసింది. పెద్దమ్మ మళ్లీ కొండెక్కింది. నేనూ వెళ్లాను, చెప్పకుండానే గుమాస్తా కూడా వచ్చాడు. చీకటి పడేదాకా ఆకులు ఎత్తి చూశాం, రాళ్లు కదిపి చూశాం. ఆదివారమంతా వెతికాం. దొరకలేదు.

మంగళవారం ఎనిమిదిన్నరకు ఏడో డబ్బా పక్కన దొరికింది. ఉండ కాదు, చుంచు. ఎడమ చెవి చిరిగి ఉంది. డబ్బాలో పుల్ల నిలబడే ఉంది, అది డబ్బాలో పడనే లేదు. నోటి పక్కన కొవ్వు మరక ఉంది.

పెద్దమ్మ దాన్ని తన తిండి డబ్బాలో పెట్టి తెచ్చింది. ఆఫీసరు ముందు మూత తీసింది. ఆయన కుర్చీ వెనక్కి జరుపుకున్నాడు. అగ్గిపుల్లతో దాని నోరు తెరిచి, గోదాంలో పడ్డ చచ్చిన ఎలుకను పక్కన పెట్టి చూపించింది. ఎలుకకు ముందు రెండు పళ్లు ఉలుల్లా ఉన్నాయి. దీనికి నోటినిండా సూదులే, ముందువి పట్టకారు కొసల్లా వంగి ఉన్నాయి. ఈ పళ్లతో గోనెసంచి కొరికి చూపించమనండి అంది.

ఆఫీసరు కళ్లలో నీళ్లు తిరిగాయి, అన్యాయంగా చెప్పకూడదు. అయినా ఆ కళ్లు తుడుచుకుని, నిపుణుడి కాగితం రానిదే జాబితా మార్చలేనన్నాడు. మళ్లీ యాభైతొమ్మిది ఉండలు పెట్టించక తప్పదన్నాడు.

నేను నా గదిలోకి వెళ్లాను. టైపిస్టులకు ఒక చీటీ ఉంటుంది, టైపు తప్పుల సవరణ చీటీ. దానికి ఆఫీసరు సంతకం అక్కర్లేదు, నిపుణుడూ అక్కర్లేదు. తప్పు చేసిన టైపిస్టు సంతకం చాలు. కాకపోతే ఒక్కో చీటీ టైపిస్టు ఫైలులో పడుతుంది, మూడు పడితే ప్రమోషను పోతుంది. నాకు అప్పటికే రెండున్నాయి. కాగితం ఎక్కించి ఇలా కొట్టాను:

"జాబితాలో నాలుగో వరసలో 'చుంచెలుక' అన్నచోట 'చుంచు' అని చదువుకోవాలి. ఎలుక అన్న మాట టైపిస్టు పొరపాటువల్ల అదనంగా పడింది. చుంచు ఎలుక కానందున నాలుగో వరస మొత్తం కొట్టివేయాలి."

సంతకం చేసి తీసుకెళ్లి ఆయన ముందు పెట్టాను. ఆయన మొహం విప్పారింది. ఇన్నాళ్లూ ఆయన వెతుకుతున్నది తన సంతకం లేని కాగితం. చీటీ ఆ పూటే పైకి వెళ్లింది, ఉండలు తిరుగు పార్శిల్లో వెళ్లాయి. గుమాస్తా తనే కట్టి, తనే సీలు వేశాడు.

మెచ్చుకుంటుందని పెద్దమ్మకు నకలు చూపించాను. రెండుసార్లు చదివింది.

"ఈ ముక్క శుక్రవారం కొట్టుంటే చెవి చిరిగింది ఉండేది," అంది.

అది నిజం. శుక్రవారం కూడా ఆ చీటీలు నా సొరుగులోనే ఉన్నాయి. నాకు ప్రమోషను మీద ఆశ ఉండి గుర్తు రాలేదు. ఆ మాట ఇప్పటికీ గుచ్చుకుంటుంది, గుచ్చుకోవాలి.

పెద్దాఫీసు ఊరుకోలేదు. ఆర్డరు ధిక్కరించినందుకు పెద్దమ్మను వివరణ అడిగారు. ఒకటిన్నర పేజీ నోటీసు వచ్చింది. ఆవిడ నా పక్కన నిలబడి చెప్పింది, నేను కొట్టాను. "అది ఎలుక కాదు. ఇదే వివరణ." ఇంకో రెండు వాక్యాలు మర్యాదగా కలుపుతానంటే ఒప్పుకోలేదు. మళ్లీ ఎక్కడ ఏ తోక తగిలిస్తానో అంది.

వాళ్లు ఉద్యోగం తియ్యలేదు. అంతకన్నా చిన్నపని చేశారు. కొత్త ఏడాదికి కొత్త రిజిస్టరు అచ్చువేసి పంపారు. తేదీ, వాన, మట్టి, అంతే. రిమార్కుల గడి లేదు. అనవసర సమాచారం రాకుండా నమూనా సవరించడమైనదని పైన చీటీ పెట్టారు. ఆఫీసరు దాన్ని ఇస్తూ ఆవిడ మొహం చూడలేకపోయాడు. ఇకమీదట చుంచు ఉన్నా లేనట్టే. ఈసారి ఎవరైనా మందు పంపితే కాదనడానికి ఒక్క అక్షరం ఉండదు.

పెద్దమ్మ రిజిస్టరు తెచ్చి నా బల్లమీద పరిచింది.

"స్కేలుందా?"

ఇచ్చాను. మట్టి గడిలో ఊరికే పోతున్న ఖాళీలోంచి రెండు వేళ్ల వెడల్పు కొలిచి, పైనుంచి కిందికి గీత గీసింది. పేజీ తిప్పింది. మళ్లీ గీసింది. ఏడాదికి సరిపడా పేజీలున్నాయి. కాసేపటికి నేను పేజీలు తిప్పుతూ కూర్చున్నాను, ఆవిడ గీస్తూ పోయింది. మధ్యలో రెండుసార్లు డబ్బా తెరిచి ముద్ద తింది, నాకూ పెట్టింది. గుమాస్తా ఏదో పనిమీద వచ్చి, చూసి, వెళ్లి, ఎర్ర పెన్సిలు తెచ్చి బల్లమీద పెట్టి పోయాడు. ప్రతి గీత పైనా ఎర్రగా "రిమార్కులు" అని రాశాను. నిదానంగా, ఒక్కో అక్షరం చూసుకుని రాశాను.

ఆ రిజిస్టరు నా దగ్గరుంది. ఆవిడ రిటైరయ్యాక ఆ కొండ ఎక్కే పని అడిగి తీసుకున్నాను. ప్రమోషను ఎలాగూ పోయిందిగా! చేతిగీత గడిలో, మూడో నెల నాలుగో తేదీన, తొమ్మిది మిల్లీమీటర్ల వాన పక్కన, పెద్దమ్మ చేతిరాత ఉంది.

"ఏడో డబ్బా దగ్గర చుంచులు నాలుగు, తల్లితో కలిపి. ఎలుకలు లేవు."